దేవుడి సంచి

నా మెడలో ఉన్నది రెండో తాళి. మీరనుకుంటున్నది కాదు, మొగుడు ఒక్కడే. మొదటి తాళి థాయ్‌లాండ్‌లో ఒక దీవికి వెళ్ళినప్పుడు పోయిందనీ, బోటులో వంట చేసే ఆవిడ కొట్టేసిందనీ మా వాళ్ళందరికీ తెలుసు. డబ్లిన్‌లో మా ఇంట్లో ఒక్క పూట భోంచేసిన తెలుగువాళ్ళెవరైనా ఆ కథ వినే ఉంటారు. మీరూ విని ఉండొచ్చు. విని, అయ్యో పాపం అన్నట్టు నా మెడ వైపు చూసి ఉండొచ్చు.

ఆ తాళి పోలేదు. ఎవరూ తియ్యలేదు. ఈ రెండు ముక్కలూ గొంతులో పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగాను. మింగలేను, కక్కలేను. ఇప్పుడు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

మేం డబ్లిన్ శివార్లలో టాలాలో ఉంటాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్. నేను క్లాండాల్కిన్ వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. ఆసుపత్రుల్లో రోగులకు పెట్టే సన్నటి గొట్టాలు తయారవుతాయి అక్కడ. నాది క్వాలిటీ విభాగం. ఎక్కడైనా ఒక గొట్టం లోపంతో వచ్చిందంటే అది ఎందుకొచ్చిందో తవ్వి తీయడం నా పని. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పనిచేసే మనిషి పొరపాటు అని రాయడం చిట్టచివరి మాట. యంత్రం చూడాలి, సరుకు చూడాలి, గదిలో వెలుతురు కూడా చూడాలి. అన్నీ చూశాక ఇంకేమీ మిగలకపోతే అప్పుడు మనిషి. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే ఎవరో ఒకరి మీదికి తోసేసి చేతులు దులుపుకుంటే నేను వెనక్కి పంపేస్తాను. అంత తొందరగా మనిషి మీదికి పోకండి అంటాను. ఎంత బాగా చెబుతానో! మా మేనేజర్ మెచ్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు నమ్మబుద్ధి కాదు. గొట్టాలు తయారయ్యే గదిలోకి ఒంటి మీద నగతో వెళ్ళనివ్వరు. ఉంగరం కూడా కుదరదు. అందుకని ఆ గదిలో పని ఉన్న రోజు పొద్దున్నే తాళి తీసి ఇంట్లో పెట్టి వెళ్ళేదాన్ని. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. తీసిన తాళిని ఎక్కడపడితే అక్కడ పడేయకూడదు కదా. వంటింటి ప్రెస్‌లో, అదే, గోడ అలమరాలో, పై అరలో మా దేవుళ్ళుంటారు. వాళ్ళ పక్కన ఒక చిన్న ఎర్ర జిప్పు సంచి. అందులో వెంకటేశ్వరస్వామి పటం, కుంకుమ పొట్లం, ఇంత పసుపుతాడు ఉండ. మేం ఈ దేశం వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చింది. దేవుడి సంచి అంటాం. తాళి అందులో వేసి, కళ్ళకద్దుకుని, పరుగెత్తేదాన్ని. రోజూ చేసే పని. చెయ్యి దానంతటదే చేసేది, బుర్రకి కబురు కూడా అందేది కాదు.

ఊళ్ళు తిరగడానికి పోతే ఆ సంచీ మాతో వస్తుంది. మేమిద్దరం వీపున బ్యాగు తగిలించుకుని తిరిగే రకం. టూర్ ప్యాకేజీలు పడవు. పెద్ద బ్యాగు పైమూతలో ఒక అర ఉంటుంది, దేవుడి సంచికి అక్కడే చోటు. కాళ్ళకీ చెప్పులకీ దూరంగా, అన్నిటికంటే ఎత్తున.

కరోనా అన్న మాట టీవీలో అప్పుడప్పుడే వినబడుతున్న రోజులు. చైనాలో ఏదో అంటున్నారులే అనుకుని థాయ్‌లాండ్ దక్షిణాన తిరిగాం. వెనక్కి బయల్దేరే ముందు రోజు ఒక దీవికి వెళ్ళాం. పొద్దున బోటెక్కితే సాయంత్రానికి మళ్ళీ రేవులో దింపేస్తారు. దీవి పేరు రాయను. అక్కడివాళ్ళ మీద నేను వేసిన మరక చాలు.

ఏం ఎండ! ఐర్లాండ్ చలికాలంలోంచి వెళ్ళిన ఒంటికి ఆ ఎండే పెద్ద పండగ. పీకల్లోతు నీళ్ళలో నిలబడినా కాలివేళ్ళు కనబడేవి. మా ఆయన చిన్నపిల్లాడిలా మునకలు వేస్తూ, ఈ ఉద్యోగాలెందుకే, ఇక్కడే ఇడ్లీబండి పెట్టుకుందాం అన్నాడు.

బోటులో వంట చేసి వడ్డించడానికి ఒకామె ఉంది. అమ్మ కంటే చిన్నది, నాకంటే బాగా పెద్దది. నీలం టీషర్టు, తలకి తువ్వాలు. బోటువాళ్ళు ఆమెని 'పీ' అని పిలిచేవారు. అంటే అక్క అట, మా ఆయన ఫోన్లో వెతికి చెప్పాడు. మేం చేపలు తినమని తెలిసి మాకు కూర విడిగా వండింది. దాని మీద మూత పెట్టి, అది ఇంకెవరూ ముట్టకుండా తన పక్కన పెట్టుకుంది. 

మేం నీళ్ళలోకి దిగబోతుంటే నా దగ్గరికొచ్చింది. నా గొలుసు కొక్కెం వదులుగా ఉంది, నాకూ తెలుసు, చేయిద్దాం చేయిద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఆమె దాన్ని ముట్టుకోకుండా వేలితో చూపించింది. తర్వాత సముద్రాన్ని చూపించింది.

"సీ టేక్," అంది. "సీ నో గివ్ బ్యాక్."

నవ్వొచ్చింది నాకు. నిజమే కదా అనుకున్నాను. మెడ బోసిగా ఉండకూడదని, పర్సులో ఎప్పుడూ ఉంచుకునే పసుపుతాడు ముక్క కట్టుకుని, సూత్రాలతో సహా గొలుసు తీసేశాను. నేను దాన్ని ఎక్కడ పెడుతున్నానో చూడకూడదన్నట్టు ఆమె మొహం అటు తిప్పుకుంది. ఆ మర్యాద నాకు నచ్చింది. బాగా గుర్తుంది, నచ్చింది.

బ్యాగు పక్క జేబులో వేసి జిప్పు లాగాను. నాకు జ్ఞాపకమున్నది అంతే.

తిరుగు ప్రయాణంలో ఆ జేబు తెరిచాను. మా చెప్పులున్నాయి. గొలుసు లేదు. బ్యాగు మొత్తం బోటు చెక్కల మీద కుమ్మరించాం. బట్టలు విదిలించాం, సాక్సులు తిరగేశాం. పైమూతలోంచి దేవుడి సంచి చేతికొచ్చింది. ఇసుక చేతులతో ముట్టుకున్నందుకు చెంపలేసుకుని, కళ్ళకద్దుకుని, తీసి ఎత్తుగా బెంచీ మీద పెట్టాను. విప్పలేదు. దేవుణ్ణి ఎవరైనా సోదా చేస్తారా?

"ఆవిడే," అన్నాను మా ఆయనతో. "తియ్యమని చెప్పింది ఆవిడ. సంచుల దగ్గర కూర్చున్నది ఆవిడ."

"కాజేసే మనిషైతే, నీళ్ళలో పడిపోద్ది జాగ్రత్త అని నీకెందుకు చెప్తుంది? ఇంకోసారి నిదానంగా చూద్దాం ఉండు."

"నీ పెళ్ళాం తాళి పోతే నీకు ఆవిడ మీద జాలా?"

దానికి ఏ మొగుడి దగ్గర మాత్రం జవాబుంటుంది? నోరు మూసుకున్నాడు. నోరు మూయించడం కోసమే ఆ మాట అన్నాను. తాళి అనేది అన్నిటికంటే పెద్ద మాట మా ఇళ్ళల్లో. అది వాడేశాక ఇంక వాదన ఉండదు.

రేవులో బోట్ల మేనేజరు ఉన్నాడు. మా ఆయన చెప్పాడు, నేను పక్కన నిలబడి ఏడ్చాను. మేనేజరు నా వైపు తిరిగి, "మేడమ్, ష్యూర్?" అని అడిగాడు. "ష్యూర్," అన్నాను. యంత్రం చూడలేదు, సరుకు చూడలేదు. నేరుగా మనిషి. ఆమెకి విషయం అర్థమయ్యాక, ఎవరూ అడక్కుండానే తన గుడ్డసంచి రేవు చెక్కల మీద బోర్లించింది. ఒక గొడుగు, ఖాళీ డబ్బా, పౌడరు సీసా, రెండు అరటిపళ్ళు. నన్ను చూసి వాళ్ళ భాషలో ఏదో అంది. గట్టిగా కాదు. మేనేజరు దాన్ని మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. రేపట్నుంచి ఈమె రాదు మేడమ్, సారీ, అన్నాడు. సారీ ఆమెకి కాదు, నాకు. నాకు ఏమనిపించిందో దాచకుండా చెప్పాలి కదా. తృప్తిగా అనిపించింది. పోయిన వస్తువుకి బదులు ఏదో దక్కినట్టు.

డబ్లిన్ వచ్చాక మా ఆయన పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి నా మెడలో వేశాడు. కొత్త సూత్రాలు వచ్చేదాకా అదే. నగ కాదు కాబట్టి దాన్ని తీసి దేవుడి సంచిలో పెట్టే పని కూడా లేకపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే లోకం తలుపులు మూసుకోవడం మొదలైంది. స్కూళ్ళు మూశారు, పబ్బులు మూశారు.

ఉగాది వచ్చింది. పిలిచేవాళ్ళు లేరు, వచ్చేవాళ్ళు లేరు. మా ఆయన చిన్న గదిలో ఆఫీసు మీటింగులో ఉన్నాడు. పచ్చడి కలిపి, పూజ చేద్దామని కూర్చుంటే మెట్ల కింద బ్యాగులో ఉండిపోయిన దేవుడి సంచి గుర్తొచ్చింది. పండగపూట స్వామిని చీకట్లో ఉంచడమేమిటని వెళ్ళి తీసుకొచ్చాను. జిప్పు తీసి పటం కోసం వేళ్ళు పెట్టాను.

గొలుసు తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. మొత్తం కాదు, చేతికి మాత్రమే గుర్తొచ్చింది. బోటు కదులుతోంది, అందరూ దూకుతున్నారు, నేను పక్క జేబు మళ్ళీ తెరిచాను. తాళి మీద మా ఆయన చెప్పు ఆని ఉంది. అపచారం అనుకుని ఉంటాను. చెయ్యి రోజూ చేసే పని చేసింది. తీసి, దేవుడి సంచిలో వేసి, కళ్ళకద్దుకుంది. నేను అప్పటికే సముద్రం వైపు చూస్తున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, అది నేనే. కానీ ఆ సామెతలో పిల్ల దొరికాక నవ్వుకుంటారు. పొరుగింటామె మీద కేసు పెట్టి వచ్చిన సంగతి అందులో ఉండదు.

మా ఆయన్ని పిలవాల్సింది. గది తలుపు దాకా వెళ్ళాను కూడా. లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇంకోసారి నిదానంగా చూద్దాం ఉండు అన్న మనిషి. నేను కుక్కినపేనులా కూర్చోబెట్టిన మనిషి. ఆయన ముందు ఈ గొలుసు ఎలా ఎత్తి చూపించను? మీటింగయ్యాక చెబుదాం అనుకున్నాను. గొలుసు మళ్ళీ సంచిలో వేసి, జిప్పు లాగి, దేవుడి పక్కన పెట్టాను. మా ఇంట్లో ఆ సంచి నేను తప్ప ఎవరూ విప్పరు. దేవుణ్ణే కాపలా పెట్టాను నా దొంగతనానికి.

మీటింగయింది. అన్నం తిన్నాం. చెప్పలేదు.

ఆ వారమే బోట్ల కంపెనీకి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. నగ దొరికింది, ఆమె తప్పేమీ లేదు, దయచేసి పనిలోకి తీసుకోండి. అంతే రాయాలి. రాయడం నాకేం కొత్త? రాసి, పంపకుండా ఉంచాను. ఎందుకంటే అప్పటికి నాకో మంచి సాకు దొరికింది. విమానాలు ఆగిపోయాయి, బోట్లు ఆగిపోయి ఉంటాయి, అందరి పనీ పోయింది, ఆమెదీ పోయేదే కదా. నా వల్ల ప్రత్యేకంగా పోయిందేముంది? తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, నా పిడికెడు కూడా కరోనా నెత్తిన వేసేశాను. ఆ సాకు ఎంత హాయిగా ఉండేదంటే, కొన్నాళ్ళు దాని మీదే నిద్రపోయాను. కానీ పని వేరు, పేరు వేరు కదా? బోట్లు మళ్ళీ కదిలిన రోజున అందరినీ పిలుస్తారు. దొంగ అనిపించుకున్న మనిషిని పిలుస్తారా? ఈ ప్రశ్న నాకు మొదటి రోజే తట్టింది. తట్టనట్టు ఉన్నాను.

ఇక్కడ నన్ను అందరూ మెచ్చుకుంటున్న కాలం అది. ఆసుపత్రి సామాను చేసే ఫ్యాక్టరీ కాబట్టి మాకు సెలవు లేదు. పక్కింటి ముసలావిడ కిటికీలోంచి చప్పట్లు కొట్టేది నన్ను చూసి. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగేవారు. ఫ్యాక్టరీ ఇచ్చిన కాగితం చూపిస్తే "గ్రాండ్, గ్రాండ్, ఆఫ్ యూ గో" అని చెయ్యి ఊపేవారు. ఒకరోజు ఆ గార్డు మొహం ఎంత దయగా ఉందంటే, అతనికే చెప్పేద్దామనిపించింది. ఏమని చెబుతాను? వెనక కార్లు ఆగున్నాయి.

మెయిల్ చివరికి పంపాను. ఆ ఏడాది చలికాలంలో. ఆ చిరునామా పనిచేయడం లేదని తిరిగొచ్చింది. వాళ్ళ వెబ్‌సైట్ కూడా లేదు. గుండెలోంచి బరువు దిగినట్టనిపించి, అలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

తర్వాతి వేసవిలో విజయవాడ నుంచి వచ్చిన స్నేహితులు కొత్త సూత్రాలు తెచ్చారు. గుడికి వెళ్ళే వీలు లేదు. పంతులుగారు వీడియో కాల్‌లో మంత్రం చదివారు. మా ఆయన పట్టుపంచె కట్టుకున్నాడు, నేను దేవుడి అర ముందు తల వంచి కూర్చున్నాను. సరిగ్గా ముడి వేయబోతుంటే నెట్ ఆగిపోయింది. పంతులుగారు నోరు తెరిచి అలాగే నిలిచిపోయారు. మంత్రం లేకుండా ముడి వేయకూడదని మా ఆయన తాడు రెండు చేతులతో పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నా కళ్ళెదురుగా ఎర్ర సంచి. అందులో మొదటి తాళి. ఆయన వేళ్ళు నా మెడకి తగులుతున్నాయి. ఇంతకంటే మంచి అవకాశం ఏ దేవుడిస్తాడు? చెప్పు, చెప్పు అనుకుంటున్నాను. అంతలో "మాంగల్యం తంతునానేన" అంటూ పంతులుగారు మళ్ళీ కదిలారు. ముడి పడింది. ఆయన నా భుజం నొక్కి, "ఇది పోనివ్వను," అన్నాడు.

ఆంక్షలు ఎత్తేశాక మళ్ళీ భోజనాలు, మళ్ళీ నవ్వులు. ఎవరో నా కొత్త సూత్రాలు చూసి అడగ్గానే మా ఆయన కథ మొదలుపెట్టేవాడు. మొదట్లో కథ చివర ఒక మాట ఉండేది: "నాకైతే ఆవిడ తీసుంటుందని అనిపించలేదు." నెమ్మదిగా ఆ మాట రాలిపోయింది. నేను ప్రతిసారీ తల వంచుకుని వడ్డిస్తూ పోయాను కదా, దాన్ని బాధ అనుకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటోందని ఆయనకేం తెలుసు? కొన్నాళ్ళకి కథ తిరగబడింది. "చూడండి ఆవిడ తెలివి! ముందే కన్నేసి, సముద్రంలో పడిపోద్ది తియ్యి తియ్యి అని తీయించింది," అనడం మొదలుపెట్టాడు. ఆమె నిర్దోషి అనడానికి ఆయన చూపించిన సాక్ష్యమే నేరానికి సాక్ష్యమైంది. ఎవరూ పూనుకుని మార్చలేదు. నేను మాట్లాడకపోవడమే మార్చింది. ఒక మంచి మనిషిని నేను అంత చేశాను. బోటామెకి చేసింది ఒక్క సాయంత్రపు పని. ఇది మాత్రం ఏళ్ళ తరబడి, రోజూ, వడ్డిస్తూ చేశాను.

ఈమధ్య డబ్లిన్‌లోనే బోమాంట్ వైపు ఉండే ఒక కొత్త జంట మా ఇంటికొచ్చారు. అమ్మాయి నర్సు. ఇద్దరూ థాయ్‌లాండ్ వెళ్తున్నారు, మాలాగే బ్యాగులు తగిలించుకుని. మా ఆయన కథ చెప్పి, "బోట్లలో ఆ వంటవాళ్ళని నమ్మకండి," అన్నాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి విన్నది. రేపు ఏ దీవిలోనో ఏ ఆడమనిషో ఈ పిల్లకి కూర విడిగా వండి పెడితే, ఈ పిల్ల ఆమెని ఎలా చూస్తుందో నాకు కనబడింది. మా పెద్ద బ్యాగు వాళ్ళకి అరువిస్తానన్నాడు మా ఆయన. వాళ్ళు వెళ్ళాక బ్యాగు దులుపుతూ, "ఆ దేవుడి సంచి కూడా అందులోనే పెట్టు, వాళ్ళకి తోడుంటాడు," అన్నాడు.

"ఇవ్వను," అన్నాను.

ఎందుకని అడిగాడు. నేను సంచి తెచ్చి, జిప్పు తీసి, వంటింటి బల్ల మీద బోర్లించాను. పటం, కుంకుమ, పసుపుతాడు, గొలుసు. రేవులో ఆమె బోర్లించినట్టే. ఉగాది నాడు దొరికిందని చెప్పాను. ఏ ఉగాదో కూడా చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పుట్టింటి సూత్రం, అత్తింటి సూత్రం వేలితో విడదీసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆవిడ పేరేంటి?"

తెలియదు నాకు. ఆయనకీ తెలియదు. రేవులో ఫిర్యాదు చేసినప్పుడు పేరు అవసరం రాలేదు, వంటామె అంటే సరిపోయింది. ఇన్నేళ్ళు మా భోజనాల బల్ల మీద ఆమెని దొంగని చేసి వడ్డించాం, ఆమెకో పేరుంటుందన్న ఆలోచన ఏ పూటా రాలేదు. మీకు నా పేరు చెప్పనన్నాను మొదట్లో. దాచుకోవడానికి నాకొక పేరుంది.

మా ఆయన లేచి కోటు వేసుకుని బయటికి నడిచాడు. తిరిగొచ్చాడు, అన్నం తిన్నాం. ఇప్పటికీ మామూలుగానే మాట్లాడతాడు. ఏదైనా వస్తువు కనబడకపోతే మాత్రం నన్ను అడక్కుండా తనే వెతుక్కుంటాడు. ఆ జంట బ్యాగు కోసం వచ్చినప్పుడు గుమ్మంలోనే వాళ్ళకి అంతా చెప్పాను. ఆ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుంది, నా మెడ వైపు చూడలేదు.

మిగిలిన మీ అందరినీ ఎక్కడని పట్టుకోను? ఎంతమంది విన్నారో, విని ఇంకెంతమందికి చెప్పారో నాకు తెలియదు. అందుకే ఇది రాశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ కథ మీరు ఎవరికైనా చెప్పి ఉంటే, దాని వెనకే ఈ మాట కూడా చెప్పండి.

ఆమె తియ్యలేదు. నేనే పెట్టి మరిచిపోయాను. దొరికాక దాచాను.

ఇన్నాళ్ళకి అన్నాను. గొంతులో ఇప్పుడేమీ లేదు.